ఎద్దులకు అర్థమైన మాట

డెబ్బై దాటిన ఒక పెద్దమనిషిని, ఆయన వద్దు మొర్రో అంటుంటే, మంచు వాలు మీది నుంచి కిందికి తోయించిన ఘనత రాయలసీమ మొత్తంలో నాదొక్కడిదే అనుకుంటాను. తోసిన చేతులు నావి కావు. తోయమని చెప్పిన నోరు మాత్రం నాదే. ఆ ఒక్క మాటతో నా ఉద్యోగం, కుదరబోతున్న నా పెళ్ళి, ఆ పెద్దాయన నడుము, మూడూ కలిసి జారుడుబండ ఎక్కాయి. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, నాకేమీ బాధ లేదు. మా ఇంట్లో నాలుగేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

ముందు మంచు సంగతి. కర్నూలు జిల్లాలో మంచేమిటని మీకు అనుమానం రావాలి. రాలేదంటే మీరు మా ఎండను చూడలేదన్నమాట. ఓర్వకల్లు దగ్గర, ఆ రాళ్ళ గుట్టలకు కాస్త ఇవతల, మా ఓనరు శివన్నకు మిరపకాయలు నిల్వచేసే కోల్డ్ స్టోరేజీ ఉండేది. శివన్న ఒకసారి మనాలి పోయి వారం రోజులుండి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఆయన కంటికి మిరపకాయలు ఆనలేదు. మనకు చలి ఉంది, గోడలున్నాయి, లేనిది మంచు ఒక్కటే అని ఊరంతా తిరిగి చెప్పాడు. సగం గోదాము ఖాళీ చేయించి, ఇనుప స్తంభాల మీద చెక్కలు పరిపించి, పై కప్పు దగ్గర్నుంచి నేల దాకా ఒక వాలు కట్టించాడు. మంచు కురిపించే యంత్రం తెప్పించాడు. కాళ్ళకు పలకలు కట్టుకొని మంచు మీద జారే ఆట, అదే స్కీయింగు, ఇకమీదట ఓర్వకల్లులోనే అని బోర్డు పెట్టించాడు.

మరీ పెద్దదేమీ కాదు ఆ వాలు. మా ఊరి చర్చికి రెండింతల పొడవుంటుంది. పైనుంచి కిందికి రావడానికి నాలుగు తుమ్ములు తుమ్మినంత సేపు పడుతుంది. తుమ్ముల లెక్క ఎందుకంటే, ఏళ్ళ తరబడి మిరపకాయలు పీల్చిన గోడలవి. ఎన్నిసార్లు కడిగినా, ఫ్యాన్లు జోరందుకుంటే ఘాటు కిందికి దిగేది. మూలల్లో మంచు కాస్త ఎర్రగా కూడా ఉండేది. లోకంలో ముక్కు కారడానికి చలీ, కారమూ రెండూ ఒకేచోట దొరికే విడిది మాదేనని నేను ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.

నేర్పడానికి హిమాచల్ నుంచి దేవీసింగ్ అనే మాస్టరును పిలిపించారు. మంచి మనిషి. వచ్చిన రెండు రోజులూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే ఉన్నాడు. పాపం, ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడని మేమందరం ఓదార్చాం. మిరపకాయల వల్ల అని మూడో రోజు ఆయనే చెప్పాడు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. వచ్చేవాళ్ళేమో చుట్టుపక్కల పల్లెల రైతులు, వాళ్ళ పిల్లాపాపలు. మధ్యలో ఒక మనిషి కావలసి వచ్చింది. ఆ మనిషిని నేను.

నా అర్హతలు చెప్పకపోతే కథ ముందుకు పోదు. మాది మైదుకూరు పక్కన పల్లె. మూడు తరాలుగా మేము చర్చికి పోయేవాళ్ళం. చర్చికి పోయేవాళ్ళకు తర్జుమా అంటే ఏమిటో నేను వివరించనక్కర్లేదు, పోనివాళ్ళ కోసం చెబుతాను. బయటి నుంచి ఇంగ్లీషు ప్రసంగీకులు వస్తే, పక్కన ఒకడు నిలబడి వాక్యం వెంట వాక్యం తెలుగులో చెప్పాలి. ఆయన చెయ్యెత్తితే వీడూ చెయ్యెత్తాలి, ఆయన గొంతు చించుకుంటే వీడూ చించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, మధ్యలో ఆగకూడదు. అర్థమైతే అర్థమైంది చెప్పాలి, కాకపోతే తోచింది చెప్పాలి. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు మద్రాసు నుంచి వచ్చిన ఒక అయ్యగారు ఓడ గురించి ప్రసంగం మొదలుపెట్టారు. షిప్పు అన్నదాన్ని నేను షీపు అనుకున్నాను. ఇరవై నిమిషాల సేపు మా సభలో ఒక గొర్రె తుఫానులో చిక్కుకుంది. దానికి చిల్లు పడింది. లోపలికి నీళ్ళు వచ్చాయి. చివరికి గొర్రెలో ఉన్నవాళ్ళందరూ క్షేమంగా ఒడ్డుకు చేరారు. మావాళ్ళు గొర్రెల్ని రోజూ చూసినవాళ్ళు, ఓడను ఎన్నడూ చూడనివాళ్ళు. ఒక్కరూ అడ్డు చెప్పలేదు. ఆ దెబ్బతో నేను మంచి తర్జుమాదారునని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

ఇక హిందీ. అది నేను కర్నూలు పాతబస్తీలో నేర్చుకున్నాను. పోటీ పరీక్షలకు చదువుతూ మూడేళ్ళు, అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఒక ముసలావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకొని ఉన్నాను. పరీక్షలు ఏవీ రాలేదు గాని ఖాలా మాటలు వచ్చాయి. ఔనంటే ‘హౌ’, వద్దంటే ‘నక్కో’. ఈ రెంటితో కర్నూల్లో పుట్టి పెరిగి పెళ్ళి చేసుకోవచ్చు. శివన్న నన్ను హిందీ వచ్చునా అని అడిగినప్పుడు నేను హౌ అన్నాను. ఉద్యోగం వచ్చింది. ఆ ఆదివారం మా అమ్మ చర్చిలో తనకు జరిగిన మేలు చెప్పే సాక్ష్యానికి లేచి, నా కొడుక్కు దేవుడు మంచులో ఉద్యోగం ఇచ్చాడు అని చెప్పి కళ్ళు తుడుచుకుంది. మూడేళ్ళు ఖాళీగా తిరిగినవాణ్ణి, నేనూ లేచి ఆమేన్ అన్నాను.

దేవీసింగ్ హిందీ వేరు, ఖాలా హిందీ వేరు అని మొదటి గంటలోనే తెలిసిపోయింది. అయినా ఆగకూడదు కదా. ఆయన వచ్చిన వాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, ‘సంతులన్ బనాయే రఖియే’ అన్నాడు. సంతులన్ అంటే కాలు జారకుండా నిలదొక్కుకోవడం అని నాకు ఏడాది తరవాత తెలిసింది. ఖాలా ఆ మాట ఎన్నడూ వాడలేదు. నేను ఒక్క క్షణం ఆలోచించి, చెయ్యెత్తి, అందరూ మీ మీ సంతానాన్ని దగ్గర పెట్టుకోండి అని ప్రకటించాను. తల్లులందరూ పరుగున పోయి పిల్లల రెక్కలు పట్టుకున్నారు. దేవీసింగ్ మురిసిపోయాడు. తను ఏ చోట పనిచేసినా ఇంత శ్రద్ధగా వినేవాళ్ళను చూడలేదని నాతో అన్నాడు. నేను వినయంగా తల వంచుకున్నాను.

ఇలా మూడు నెలలు హాయిగా గడిచాయి. ఆ హాయిలోనే మా అమ్మ నాకు మంగంపేట సంబంధం చూసింది. పిల్ల పేరు సుహాసిని. మంగంపేటలోనే బళ్ళో పాఠాలు చెబుతుంది. వాళ్ళ నాయన అక్కడి ముగ్గురాయి గనుల్లో లారీ నడుపుతాడు. పిల్లను చూడ్డానికి పోయిన రోజు నేను స్టీలు గ్లాసులో కాఫీ తాగుతూ ఆమె వైపు చూసి, మళ్ళీ గ్లాసులోకి చూసి, ఆ గ్లాసులో కాఫీ అయిపోయిన సంగతి గమనించకుండా చాలాసేపు తాగాను. నచ్చింది అని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి. వాళ్ళ నాయనకు మాత్రం ఒక అనుమానం పట్టుకుంది.

"మంచులో పని అంటాండావు గదప్పా. రేపు ఎండాకాలం వస్తే ఈ ఉద్యోగం ఉంటాదా, కరిగిపోతాదా?" అన్నాడాయన.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఎందుకంటే అప్పటికే ఆ వార్త మంగంపేట దాకా చేరింది. శివన్నకు ఆయన సొంత నాయనే అల్టిమేటం ఇచ్చాడు. గోదాము ఉన్న నేల పెద్దాయనది, పేరు ఆయనది, మాట ఆయనది. మైదుకూరు దగ్గర పల్లెలో సొంత చేలో ఇప్పటికీ తెల్లారకముందే నిలబడే మనిషి. మనకు అన్నం పెట్టిన మిరపకాయలను బయటికి గెంటి కొడుకు ఐసుతో ఆడుకుంటున్నాడని ఆయన బాధ. నేనే ఒకసారి వచ్చి చూస్తాను, బాగుంటే సరే, లేదంటే మరుసటి రోజే మూటలు లోపలికి అన్నాడు. ఆయన ఒప్పుకుంటే నా ఉద్యోగం నిలబడుతుంది, నా ఉద్యోగం నిలబడితే మాట ఖాయం చేసుకుందామని మా కాబోయే మామ చెప్పి పంపాడు. నా బతుకు మొత్తం పెద్దాయన రెండు మోకాళ్ళ మీద ఆధారపడిందని తెలియక ఆయన బుధవారం వస్తానని కబురు చేశాడు.

బుధవారం రానే వచ్చింది. బయట రాళ్ళు పగిలే ఎండ. పెద్దాయన కారు దిగాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నెత్తిన తువ్వాలు. నన్ను చూసి గుర్తుపట్టాడు. మా నాయన ఈయన చేలో ఇరవై ఏళ్ళు గుంటక తోలాడు. గుంటక అంటే మడక, అదే నాగలి, మాదిరిదే, కలుపు తీసేదానికి వాడతారు. బరువు చాలకపోతే మనిషి దాని మీద ఎక్కి నిలబడి ఎద్దుల్ని తోలుతాడు. పెద్దాయన కూడా పనివాళ్ళను కూర్చోబెట్టి తానే ఎక్కి తోలేవాడని మా నాయన చెప్పేవాడు.

"నువ్వు యేసురత్నం కొడుకువి గదా. ఈడ ఏం జేస్తాండావు నాయనా?" అని అడిగాడు.

తర్జుమా చేస్తున్నానని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడంలో ఏముందో నాకు తెలియలేదు, అయినా మంచిదే అనుకున్నాను. అనుకోవడం నాకు అలవాటే.

లోపలి తలుపు దగ్గర ఆయన చెప్పులు విప్పేశాడు. తెల్లగా మెరుస్తున్న నేల మీద చెప్పులతో నడవడం ఆయనకు చేతకాలేదు. ఆయన విప్పాడని శివన్న విప్పాడు, శివన్న విప్పాడని నేను విప్పాను. మా పల్లెల వాళ్ళందరూ అలాగే విప్పేవాళ్ళు. రోజూ ఆ గుమ్మం ముందు చెప్పుల కుప్ప చూసి దేవీసింగ్ మొదట్లో లోపల ఏదైనా గుడి ఉందా అని అడిగాడు కూడా. మంచు మీద వట్టి కాళ్ళు పెట్టిన మరుక్షణం ముగ్గురం మూడు రకాలుగా గెంతి బయటికొచ్చి బూట్లు తొడుక్కున్నాం. ప్యాంటు మాత్రం పెద్దాయన ఒప్పుకోలేదు. పంచె గోచీ బిగించి, పైన దళసరి కోటు వేసుకున్నాడు. తువ్వాలు తీసి మంకీ క్యాప్ పెట్టించుకున్నాడు. నేనూ మంకీ క్యాప్ పెట్టుకున్నాను. ఆ టోపీని మీరు గుర్తుపెట్టుకోండి, చెవుల్ని బాగా మూసే రకం.

పెద్దాయన చుట్టూ చూశాడు. వంగి ఒక పిడికెడు మంచు తీసుకొని వేళ్ళ మధ్య నలిపాడు. ముగ్గురాయి పొడి మాదిరుండాదే అన్నాడు. తరవాత మనుషుల్ని పైకి లాగే మోకు చూశాడు. మోటారుకు తగిలించిన పెద్ద మోకు అది, పట్టుకుంటే పైకి తీసుకుపోతుంది. దాన్ని చూడగానే ఆయన మొహం విచ్చుకుంది. చిన్నప్పుడు వాళ్ళ బావికి కపిల ఉండేదట. ఎద్దులు మోకు లాక్కుంటూ వాలులో కిందికి దిగితే బావిలోంచి తోలు బొక్కెన నీళ్ళతో పైకి వచ్చేది. ఆ మోకు మీద కూర్చొని వాలులో దిగుతూ వాలు చివర ఎద్దుల్ని నిలబెట్టడం తన పని అని చెప్పాడు. మాటల్లో మాటల్లోనే మోకు పట్టుకొని పైకి పోయి నిలబడ్డాడు. శివన్న కింద ఒక చేత్తో ఫోనులో వీడియో తీస్తూ, రెండో చేత్తో తల గోక్కుంటూ ఉన్నాడు. నేను పెద్దాయన వెనకే ఎక్కాను.

ఇక్కడ నేను చేసిన ముందస్తు ఏర్పాటు ఒకటి చెప్పాలి. పొద్దున్నే దేవీసింగ్‌ను పక్కకు పిలిచి, పెద్దాయనకు హిందీ రాదు గాని పాతకాలం మనిషి, తురక సావాసం ఉన్నవాడు, ఆయన నోటి నుంచి ‘హౌ’ అని వస్తే సరే అని అర్థం, ‘నక్కో’ అని వస్తే వద్దని అర్థం అని నేర్పాను. మూడుసార్లు వల్లె వేయించాను. ఏ ప్రమాదమూ జరగకూడదని చేసిన పని అది. ప్రమాదానికి నేను దగ్గరుండి పునాది తవ్వానని ఎవరికి తెలుసు.

పైన దేవీసింగ్ పెద్దాయన బూట్లకు పలకలు బిగించాడు. నడుం పట్టుకొని వాలు అంచుకు తెచ్చాడు. పెద్దాయన కిందికి చూశాడు. ఎక్కేటప్పుడు లేని లోతు దిగేటప్పుడు కనిపిస్తుంది కదా. ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి. మిరప ఘాటు ముక్కుల్లోకి దిగుతోంది.

దేవీసింగ్ ఆయన చెవి దగ్గర, వదలనా అని హిందీలో అడిగాడు. నేను గొంతు పెంచి, వదిలేదా అని అడుగుతాండాడు పెద్దాయనా అని చెప్పాను. ఈ ఒక్క వాక్యం నేను సరిగ్గానే తర్జుమా చేశాను. దయచేసి ఇది నా ఖాతాలో వేయండి.

పెద్దాయన మోకాళ్ళు వంచి, చేతులు రెండూ ముందుకు చాపి, గొంతులోంచి లోతుగా అన్నాడు.

"హో... హో... హో..."

పల్లెలో పుట్టిన ఎవరినైనా అడగండి, ఎద్దుల్ని నిలబెట్టే మాట అది. కపిల వాలు చివర, చేను గట్టు దగ్గర, బండి ఇంటి ముందుకు వచ్చినప్పుడు, ఆగమని చెప్పే మాట. మా నాయన నోట నేను అమ్మా అనడం నేర్చుకోకముందు నుంచి విన్న మాట. మరి నీకెందుకు అర్థం కాలేదురా అని అడుగుతారు. చెవుల మీద మంకీ క్యాప్ ఉంది. తల నిండా హిందీ ఉంది. అన్నిటికీ మించి మనసు నిండా మంగంపేట ఉంది. ఆయన ఔనంటే బాగుండునని మూడు వారాలుగా ప్రార్థన చేసినవాడికి ఏ మాటైనా ఔననే వినబడుతుంది.

దేవీసింగ్‌కు అనుమానం వచ్చింది. మంచివాడని చెప్పాను కదా. నా వైపు తిరిగి, "హౌ?" అని అడిగాడు.

నేను చెయ్యెత్తాను. చర్చిలో ఎత్తినట్టే ఎత్తాను. "హౌ! బడే సాబ్ హౌ బోల్‌రే!" అని గోదాము గోడలు అదిరేలా చెప్పాను.

దేవీసింగ్ మెల్లగా తోసి వదిలేశాడు.

పెద్దాయన కదులుతూనే చేతికి అందిన దాన్ని పట్టుకున్నాడు. అందింది నా మఫ్లర్. ఆయన ముందుకు పోయాడు, మఫ్లర్ ఆయన వెంట పోయింది, మఫ్లర్ వెంట నేను పోయాను. నా కాళ్ళకు పలకలు లేవు. వెల్లకిలా పడి వీపు మీద జారడం మొదలుపెట్టాను. తర్జుమా చేసేవాడు ఎప్పుడూ అసలు మనిషికి ఒక వాక్యం వెనక ఉండాలి, నేను ఆ రోజు కూడా నియమం తప్పలేదు. ముందు ఆయన "హో హో హో" అంటున్నాడు, వెనక నేను అయ్యో అయ్యో అంటున్నాను. ఇద్దరి మాటలకూ అర్థం ఒకటే. నా జీవితంలో అంత కచ్చితమైన తర్జుమా అదొక్కటే.

పైన దేవీసింగ్ చప్పట్లు కొడుతున్నాడు. ఆయన లెక్కలో పెద్దాయన ‘సరే సరే సరే’ అని ఉత్సాహంగా అరుస్తూ పోతున్నాడు. పెద్దాయన ఎంత గట్టిగా ఆగమంటే అంత గట్టిగా దేవీసింగ్ ఇంకా ఇంకా అని ప్రోత్సహించాడు.

వెల్లకిలా పడినవాడికి పైకప్పు తప్ప ఏమీ కనిపించదు గనక మిగిలింది శివన్న ఫోనులోని వీడియో చూసి చెబుతున్నాను. పెద్దాయన పడలేదు. ఒక్కసారి కూడా తూలలేదు. గుంటక మీద నిలబడ్డ మనిషి ఎలా నిలబడతాడో అలా, మోకాళ్ళు వంచి, నడుం వదులుగా పెట్టి, కనిపించని పగ్గాలు రెండు చేతుల్లో పట్టుకొని నిలబడ్డాడు. దేవీసింగ్ మూడు నెలలుగా అందరికీ చెప్పి చెప్పి అలసిపోయిన ఆ సంతులన్ ఏదో అదే అది. కింద ప్లాస్టిక్ పట్టీల తెర ఉంటుంది, గోదాములోంచి చలి బయటికి పోకుండా కట్టింది. ఆ తెర చీల్చుకొని ఆయన మూటలు దింపే వసారాలోకి పోయాడు. అక్కడ శెనక్కాయ పొట్టు నింపిన గోతాలు ఒత్తుగా పేర్చి పెట్టారు. వాటిని తాకి, వాటి మీదే నెమ్మదిగా కూర్చున్నాడు. నా తల వచ్చి ఆయన బూట్లకు తగిలింది. మేమిద్దరం ఆగాం. ఆగమని అంతసేపూ ఎవరికి చెప్పాడో తెలియదు గాని, గోతాలే విన్నాయి.

శివన్న ఏడుపు మొహంతో పరుగెత్తుకొచ్చాడు. దేవీసింగ్ పైనుంచి జారుకుంటూ వచ్చాడు. పెద్దాయన మంకీ క్యాప్ తీసి, కింద పడి ఉన్న నన్ను చూశాడు. నాకు సుహాసిని కనబడింది, ఆమె పక్కన ఆమె నాయన కనబడ్డాడు, చర్చిలో మళ్ళీ లేచి ఏం చెప్పాలో తెలియక కూర్చుండిపోయిన మా అమ్మ కనబడింది. మూడు నెలల మంచు ఉద్యోగం నా వీపు కింద నీళ్ళై కారుతోంది.

"నేను హో అంటే, ఆయప్పకు నువ్వేం జెప్పినావు నాయనా?" అన్నాడు పెద్దాయన.

అబద్ధం చెప్పాలనే నాకూ ఉండింది. తోచింది చెప్పడం నాకు కొత్త కాదు. కాని వెల్లకిలా పడి ఉన్నప్పుడు ఏమీ తోచదు.

"సరే అన్యారని చెప్పినా పెద్దాయనా," అన్నాను.

ఆయన పంచెకు అంటిన పొట్టు దులుపుకున్నాడు.

"యాభై ఏండ్లు ఎద్దులకు చెప్పినాను నాయనా ఆ మాట," అన్నాడు చివరికి. "ఒక్క ఎద్దు గూడా నీ మాదిరి అర్థం చేసుకోల్యా."

శివన్న నవ్వలేదు. కొడుకు కదా, నవ్వితే ఏమవుతుందో తెలియదు. ముందు నవ్వింది పెద్దాయనే. నవ్వు మొదలయ్యాక ఘాటు పట్టి తుమ్మాడు, తుమ్మి మళ్ళీ నవ్వాడు, పొట్టు మూటల మీద పడి నవ్వాడు. అప్పుడు శివన్న నవ్వాడు. ఏమీ అర్థం కాకపోయినా దేవీసింగ్ నవ్వాడు. నేను మాత్రం లేచి నిలబడ్డాను.

శివన్న నవ్వు ఆపుకొని నా వైపు వేలు చూపించాడు. వీణ్ణి ఇప్పుడే పంపించేస్తానని ఆయన నోట్లో ఉంది. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంగోసారి ఎక్కించు నన్ను. ఈసారి నాకూ ఆయప్పకూ నడాన ఈ అబ్బి ఉండగూడదు."

ఎక్కించారు. పెద్దాయన దేవీసింగ్‌కు అరచెయ్యి నిలువుగా పెట్టి ‘హో’ అంటే ఆగమని చూపించాడు. చెయ్యి ఊపి ‘హోయ్’ అంటే పదమని చూపించాడు. మూడు నెలలు నేను చెయ్యలేని పని ఇద్దరూ రెండు నిమిషాల్లో ముగించారు. ఆ రోజు పెద్దాయన ఇంకో నాలుగుసార్లు జారాడు. చివరిసారి పంచె కొంగు గాల్లో ఎగురుతుంటే, మా నాయన చెప్పిన గుంటక మీది మనిషి నాకు మొదటిసారి కనబడ్డాడు. నాకు చాలా సంతోషమేసింది, ఆ సంతోషంలో నా ఉద్యోగం సంగతి కాసేపు మరిచిపోయాను.

మిరపకాయలకు ఇంకో గోదాము చూడమని కొడుక్కు చెప్పి, పెద్దాయన బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాడు. అప్పుడు నా సంగతి తేల్చాడు.

"ఈ అబ్బిని తీసేయొద్దు. మూటల కాడ నిలబెట్టు. పడినోళ్ళను లేపేదానికి తర్జుమా ఏం పన్లేదు."

అలా నేను కింది మేనేజరునయ్యాను. జారి వచ్చినవాళ్ళను లేపడం, పొట్టు దులపడం, నీళ్ళివ్వడం నా పని. మాట్లాడే పని లేదు గనక ఎవరికీ ప్రమాదం లేదు. ఇప్పుడు మా దగ్గరికొచ్చే రైతులందరూ దేవీసింగ్‌తో హో, హోయ్ అనే మాట్లాడతారు. ఆయనకు ఆ రెండు మాటల తెలుగు బాగా వచ్చేసింది, ఊళ్ళో ఎద్దులబండి కనబడితే ఆపి ఎక్కుతున్నాడట.

పెద్దాయన ఒప్పుకున్నాడన్న కబురు మంగంపేట చేరింది. ఎలా ఒప్పుకున్నాడన్న వీడియో కూడా దానికంటే ముందే చేరింది. సుహాసిని దాన్ని పదకొండుసార్లు చూసిందని తరవాత ఆమే చెప్పింది. వాళ్ళ నాయన మాత్రం, కింద పడ్డా ఉద్యోగం పోలేదంటే గట్టి ఉద్యోగమే అన్నాడట.

పెళ్ళి మా ఊరి చర్చిలో జరిగింది. ముందు వరసలో పెద్దాయన కూర్చున్నాడు. అయ్యగారు నన్ను అడగవలసింది అడిగారు, నేను గట్టిగా, స్పష్టంగా, తెలుగులో సమ్మతమేనని చెప్పాను. తరవాత సుహాసినిని అడిగారు. ఆమె తల వంచుకొని ఏదో అంది. ‘ఊఁ’ అనో, ‘ఊహూఁ’ అనో, ఏదో ఒక చిన్న శబ్దం వచ్చింది. అయ్యగారికి వయసు మీద పడింది, చెవులు సరిగా వినబడవు. ఏమన్నదని ఆయన అటూ ఇటూ చూశారు. పక్కన ఉన్నవాణ్ణి నేనే గనక, అలవాటు కొద్దీ నా చెయ్యి దానంతట అదే పైకి లేచింది.

"అయ్యగారూ," అని ముందు వరస నుంచి పెద్దాయన గొంతు వినబడింది. "ఆ పిల్లనే ఇంగోసారి అడగండి. వాన్ని మాత్రం అడగాకండి."

చర్చి అంతా ఒక్కసారిగా గొల్లుమంది. సుహాసిని ముసుగులో నవ్వి, తలెత్తి, వెనక బెంచీల దాకా వినబడేలా సమ్మతమే అని చెప్పింది.

ఆ రోజు చర్చి బల్ల ముందు నేను రెండు ప్రమాణాలు చేశాను. ఒకటి అందరూ విన్నారు. రెండోది మనసులో చేసుకున్నాను, ఇప్పుడు మీ అందరి ముందూ గంభీరంగా ప్రకటిస్తున్నాను. రెండు కాళ్ళ మనిషి అన్నా సరే, నాలుగు కాళ్ళ పశువు అన్నా సరే, ఒకరి నోటి మాటను ఇంకొకరి చెవిలో వేసే పని ఈ జన్మలో చెయ్యను. నాలుగేళ్ళుగా ఆ మాట తప్పలేదు. మొన్న కూర రుచి చూపించి బాగుందా అని సుహాసినిని మా అమ్మ అడిగితే ఆమె ఊఁ అన్నదట. వంటింట్లోంచి మా అమ్మ, ఏమన్నదిరా అని నన్ను కేకేసింది. నేను మంకీ క్యాప్ పెట్టుకొని బయటికొచ్చేశాను.